పైలాన్ అంటే స్తంభం కాదండి, గుమ్మం!

ఈ ఎపిసోడ్‌లో ఒక్క మాట గురించే మాట్లాడుకుందాం. పైలాన్.

మన పేపర్లలో తెగ కనపడే మాట ఇది. ఫలానా నాయకుడు పైలాన్ ఆవిష్కరించారు అని రాస్తారు. 2015లో చౌటుప్పల్‌లో కేసీఆర్ మంచినీళ్ల పథకానికి పైలాన్ ఆవిష్కరించారు. 2019 జనవరిలో జగన్ పాదయాత్ర ముగిసిందని ఇచ్ఛాపురంలో ఒకటి, 2023 డిసెంబర్‌లో లోకేశ్ యువగళం ముగిసిందని విశాఖ దగ్గర అగనంపూడిలో ఇంకొకటి. పార్టీ ఏదైనా పైలాన్ మాత్రం ఉండాలి. నాగార్జునసాగర్‌లో అయితే ఏకంగా పైలాన్ కాలనీయే ఉంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు కదా అది.

అంటే మన తెలుగులో పైలాన్ అంటే ముసుగు తీసి, పేర్లు చదివి, ఫొటో దిగే స్తంభం. కానీ అసలు అర్థం అది కాదండి.

గ్రీకు భాషలో ‘పులే’ అంటే ద్వారం. ‘పులోన్’ అంటే పెద్ద సింహద్వారం. ‘300’ సినిమా చూశారుగా, ఆ యుద్ధం జరిగిన చోటు థర్మోపిలే. అంటే ‘వేడి ద్వారాలు’. అక్కడ వేడినీటి బుగ్గలున్నాయి, అందుకని. మన పొట్ట చివర పేగులోకి దారి వదిలే భాగం పైలోరస్. దానర్థం ద్వారపాలకుడు! డాక్టర్లు రోజూ వాడే మాటే.

ఈజిప్టు గుళ్ల ముందుండే ద్వారాలకి ఈ పేరు బాగా స్థిరపడింది. పైకి పోయేకొద్దీ సన్నబడే రెండు బురుజులు, మధ్యలో గుమ్మం. ఎడ్ఫూ గుడి పైలాన్ ఎత్తు దాదాపు 36 మీటర్లు. జెండా కర్రలు నిలబెట్టడానికి గోడల్లోనే గాడులు ఉంటాయి. ఆ గుడి క్రీ.పూ. 237లో మూడో టాలెమీ మొదలుపెట్టాడు. పని అయ్యేసరికి క్రీ.పూ. 57. పైలాన్ మీద శత్రువుల్ని చితక్కొడుతున్నట్టు బొమ్మ ఎవరిదంటే, పన్నెండో టాలెమీది. శంకుస్థాపన ఒకరిది, బొమ్మ ఇంకొకరిది. అప్పుడూ అంతేనండి, ఆయ్!

మరి గుమ్మం ఎప్పుడు పోయింది? ఇరవయ్యో శతాబ్దంలో. విమానాలకి దారి గుర్తుగా పెట్టిన టవర్లని పైలాన్ అన్నారు. 1920ల చివర్లో బ్రిటన్‌లో పొలాల మీదుగా లేచిన కరెంటు టవర్లనీ అలాగే అన్నారు. మాటలో ఎత్తు మిగిలింది, దారి పోయింది. మీరు సెల్ఫీలు దిగే దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జికి ఉన్న రెండు టవర్లూ ఇంజనీర్ల భాషలో పైలాన్లే.

అసలు అర్థంలో పైలాన్ చూడాలంటే మన కోనసీమలోనే అంతర్వేది వెళ్లండి. గుడి ముందు గాలిగోపురం ఉంటుంది. ఎత్తూ ఉంది, కిందనుంచి లోపలికి దారీ ఉంది.

కోనసీమ అంటే గోదావరి పాయల మధ్య లంక. ఇక్కడ గుమ్మం అంటే రేవే. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం, నర్సాపురం నుంచి సఖినేటిపల్లి, పంటు ఎక్కి దాటడమే మనకి తెలుసు. వంతెనలు వచ్చాయి. రైలు మాత్రం రాలేదు. కోటిపల్లి–నర్సాపురం లైను, సుమారు 57 కిలోమీటర్లు, 2000–01లో మంజూరైంది. దానికోసం పట్టుబట్టిన మన బాలయోగిగారు లోక్‌సభ స్పీకర్‌గా ఉండగానే 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. కాకినాడ నుంచి రైలు 2004లో కోటిపల్లి దాకా వచ్చి, గౌతమి ఒడ్డున ఆగిపోయింది. ఇవతల అమలాపురం పిల్లలు పాతికేళ్లుగా సర్వేలూ, బడ్జెట్ కేటాయింపులూ వింటూనే పెద్దాళ్లయిపోయారు.

గోదాట్లో ఆ లైను పిల్లర్లు లేచాయి. పంటు మీద వెళ్తే కనిపిస్తాయి. మీ ఊళ్లో కూడా ఏదైనా పైలాన్ ఉంటే దాని మీద తేదీ చూడండి, ఆ పని పూర్తయిందో లేదో కింద రాయండి. ఉంటానండి.