వెనిస్ అనాథపిల్లల వయొలిన్ మేష్టారు

వయొలిన్ నేర్చుకునే పిల్లలున్న తల్లిదండ్రులకు ఇది పరిచయమైన పాటే. వివాల్డి రాసిన ఏ మైనర్ కన్చెర్టో. సుజుకి పద్ధతిలో నాలుగో పుస్తకానికి చేరిన పిల్లలందరూ దీన్ని వాయిస్తారు. మా అమ్మాయి నెలల తరబడి దీన్నే సాధన చేస్తుంటే విసుగొచ్చి, "మనది కాని సంగీతం ఎందుకమ్మా, హాయిగా ఒక వర్ణం నేర్చుకోరాదూ?" అన్నాను. "దీన్ని రాసినాయన ఎవరో తెలుసా నాన్నా?" అని అడిగింది. నాకు తెలియదు. సిగ్గుపడి లైబ్రరీకి వెళ్ళాను.

ఆంటోనియో వివాల్డి 1678లో వెనిస్‌లో పుట్టాడు. 1703లో పాదిరి అయ్యాడు. ఎర్రజుట్టు కావడంతో "ఎర్ర పాదిరి" అనేవారు. కొద్దికాలానికే చర్చిలో పూజ చేయించడం మానేశాడు. పుట్టినప్పటి నుంచీ ఛాతీ బిగుసుకుపోయే జబ్బు ఉందని 1737లో ఒక ఉత్తరంలో తానే రాసుకున్నాడు. అది ఉబ్బసమై ఉండవచ్చునంటారు. రోజూ అలాంటి రోగులను చూసే డాక్టర్ని కనుక అక్కడ కాసేపు ఆగిపోయాను.

ఆ 1703లోనే పియెతా అనే అనాథాశ్రమంలో వయొలిన్ మేష్టారుగా చేరాడు. కన్నవాళ్ళు వదిలేసిన పసికందులను పెంచే చోటది. ప్రతిభ ఉన్న ఆడపిల్లలకు అక్కడ సంగీతం నేర్పేవారు. వాళ్ళకు ఇంటిపేర్లు లేవు. వాయిద్యమే ఇంటిపేరు. "వయొలిన్ ఆన్నా మరియా" అలాంటి ఒక గొప్ప విద్వాంసురాలు. కటకటాల చాటునుంచి వాళ్ళు వాయిస్తుంటే వినడానికి ఐరోపా నలుమూలల నుంచీ జనం వచ్చేవారు.

మా అమ్మాయి వాయించే కన్చెర్టో 1711లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన 12 కన్చెర్టోల సంపుటిలో ఆరవది. మొదటి భాగంలో బృందమంతా కలిసి మన పల్లవిలాంటి ఒక వరస వాయిస్తుంది. దాన్ని రితొర్నెల్లో అంటారు, అంటే తిరిగి వచ్చేదని. ఒంటరి వయొలిన్ కాసేపు విహరిస్తుంది, ఆ వరస మళ్ళీ వస్తుంది. అయితే మన పల్లవి ఎన్నిసార్లు వచ్చినా ఆధార షడ్జం కదలదు. ఇక్కడ షడ్జమే చోటు మారుతుంది, చివరికి మొదటి స్థానానికి చేరుతుంది. రెండో భాగం నిదానం. మంద్ర వాద్యాలు ఊరుకుంటాయి, పై తంత్రులు పట్టి ఉంచిన స్వరాల మీద వయొలిన్ ఒక్కటే పాడుతుంది. మూడోది మళ్ళీ పరుగు. ఈ సంపుటిలోని ఆరు కన్చెర్టోలను సాక్షాత్తూ బాఖ్ తన కీబోర్డు వాద్యాలకు మార్చి రాసుకున్నాడు.

ఇంతటివాడు 1741లో వియన్నాలో పేదరికంలో పోయాడు. లోకం దాదాపు మరిచిపోయింది. 1926లో బయటపడిన రాతప్రతులు టూరిన్ గ్రంథాలయానికి చేరాకే మళ్ళీ వెలుగులోకి వచ్చాడు.

ఇక "మనది కాని సంగీతం" అన్న నా మాట. అసలు వయొలినే మనది కాదు కదా! ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలస్వామి దీక్షితర్ వంటివారు పాశ్చాత్యుల దగ్గర నేర్చుకుని దాన్ని మన కచేరీల్లోకి తెచ్చారు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది అచ్చంగా మనదైపోయింది.

రిసైటల్ రోజున మా అమ్మాయి రెండో భాగం వాయిస్తుంటే, ఇంటిపేరు లేని ఆ పిల్లలే గుర్తొచ్చారు. ఇంటికొచ్చాక, అన్నమాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. "అయితే వర్ణం కూడా నేర్పించండి నాన్నా" అంది. ఇప్పుడు గురువుగారిని వెతుకుతున్నాను.