ఉప్పల్‌కు విదేశీ అధికారులు ఎందుకొస్తారు? ఏమిటీ 'ఐటెక్'?

మౌలాలికి దగ్గర్లోనే, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. భూముల కొలత, మ్యాపుల తయారీ నేర్చుకోవడానికి విదేశీ అధికారులూ ఇక్కడికి వచ్చారు. ఇలాంటి శిక్షణకు ప్రధాన దారి ఐటెక్.

ఏమిటిది?
ఇండియన్ టెక్నికల్ అండ్ ఎకనామిక్ కోఆపరేషన్. విదేశాంగ శాఖ 1964 నుంచి నడుపుతున్న ఈ పథకంలో 160కి పైగా దేశాలు భాగస్వాములు.

ఏటా ఎందరికి?
సుమారు 100 సంస్థల్లో, దాదాపు 400 కోర్సుల్లో 10 వేల మందికి అవకాశం. హైదరాబాద్‌లో రాజేంద్రనగర్‌లోని ఎన్‌ఐఆర్‌డీపీఆర్, యూసుఫ్‌గూడలోని ఎన్ఐ-ఎంఎస్‌ఎంఈ కూడా ఈ కోర్సులు నిర్వహిస్తాయి.

ఖర్చెవరిది?
మన ప్రభుత్వానిదే. విమాన టికెట్, ఫీజు, వసతి, భత్యం అన్నీ ఇస్తుంది.

మనం చేరొచ్చా?
లేదు. భాగస్వామ్య దేశాల వారికే. అక్కడి ప్రభుత్వం సిఫార్సుతో, భారత రాయబార కార్యాలయం ద్వారా దరఖాస్తు చేయాలి.

మరి ఫలితం తేలేదెలా?
సర్టిఫికెట్లు లెక్కపెడితే తేలదు. ఐక్యరాజ్యసమితి 2030 నాటికి సాధించాలని పెట్టుకున్న 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో మొదటిది పేదరిక నిర్మూలన. అందులో భూమి హక్కు పత్రాలు ఎంతమంది చేతిలో ఉన్నాయన్నదీ ఒక కొలమానం. సర్వే నేర్చుకెళ్లిన అధికారి తన దేశంలో ఒక ఊరి హద్దులు సరిచేసి, రైతులకు పత్రాలు ఇప్పించగలిగితే అదీ అసలు ఫలితం. మన పన్నుల డబ్బుకు అడగాల్సిన లెక్కా అదే.