చిలుం పట్టిన రాత్రి

కూర్చో అబ్బయ్యా, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. పొద్దున బండి స్టార్టు కాలేదని మీ నాయన కొత్త బ్యాటరీకి నెల్లూరు బయల్దేరితే ఎందుకు ఆపినానో చెప్తా.

1990 దాటినాక మన ఇందుకూరుపేట నుంచి మైపాడు దాకా మొలగొలుకులు పండిన మళ్ళు రొయ్యల గుంతలయిపోయినాయి. నిన్నటిదాకా చుట్ట కాల్చినోడు సిగరెట్ పెట్టె తీసి పదిమందికీ పంచేవాడు.     

ఒకనాటి రాత్రి మూడు గంటలప్పుడు మన గుంత కాడ కరెంటు పోయింది. నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఆగిపోయినాయి. నీళ్ళలో పాచి పగలంతా ఆక్సిజన్ పుట్టిస్తాది, రాత్రి అదే లాగేసుకుంటాది. తెల్లారుజాముకు అడుగంటిపోతాది, రొయ్యలు మీసాలు పైకెత్తి తేలతాయి. జనరేటర్ తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. బ్యాటరీ చచ్చిందనుకున్నా. కొని ఏడాది కూడా కాలా. ఇంకో బ్యాటరీ అడుగుదామని పక్క గుంతకు పరిగెత్తినా.

అక్కడి కాపలా ముసలాయన ఒకప్పుడు లారీ క్లీనరు. వొచ్చి టార్చి కొట్టినాడు. ప్లస్ కాడ తెల్లగా, పచ్చగా, పువ్వు విచ్చినట్టు చిలుం. “గోటితో పోయేదానికి గొడ్డలెందుకు నాయనా?” అన్నాడు. లోపలి ఆసిడ్ ఆవిరి సందుల్లోంచి ఎగదోసుకొస్తే తీగలో రాగి పచ్చబడతాది. మన సముద్రపు ఉప్పుగాలి దానికి తోడు. లైటుకు చాలిన కరెంటు సెల్ఫుకు చాలదు, దానికి వందల ఆంపియర్లు కావాల.

ముందు బీడీ అవతల పారేసినాడు. బ్యాటరీలోంచి హైడ్రోజన్ వొస్తాది, నిప్పురవ్వ పడితే పేలతాది. మైనస్ ముందు విప్పినాడు. ప్లస్ ముందు విప్పితే పానా ఇనప బాడీకి తగిలి మెరుపు లేస్తాది. మూతలు బిగువుగా ఉండాయా అని ఒక్కొక్కటే తడిమి చూసినాడు, సోడా లోపల పడితే ఆసిడ్ విరిగిపోతాదని. గుడిసెలో బజ్జీలకని దాచిన వంటసోడా చెంబెడు నీళ్ళలో కలిపి పోస్తే బుసబుసమని నురగ లేచింది. పాత పళ్ళబ్రష్షుతో రుద్ది, కడిగి, గుడ్డతో తుడిచి, ఉప్పుకాగితంతో క్లాంపు లోపలంతా సీసం మెరిసేదాకా గీకినాడు. నేను గుంత కేసి చూస్తా గింజుకుంటాంటే ఆయన చెయ్యి మాత్రం తొందరపడలా. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ ఆఖర్న. పైన వేలెడు గ్రీజు పూసినాడు.

తాళం తిప్పినా. ఇంజను ఒక్కసారి దగ్గి అందుకుంది. తెల్లారి చూస్తే రెండు చేటల రొయ్యలు పోయినాయి, మిగతాదంతా దక్కింది. ఆ బ్యాటరీ ఇంకో మూడేళ్ళు పనిచేసింది.

లే, మీ అవ్వనడిగి వంటసోడా తీసుకరా. ఉప్పుకాగితం నా రేకుపెట్టెలో ఉండాది. మీ నాయన బండి సీటు ఎత్తి చూద్దాం పద.