ప్రవాసం, వలస
గిద్దలూరులో రైలెక్కి గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయినవాళ్లు ‘వలసకూలీలు’, అమెరికా విమానమెక్కినవాళ్లు ‘ప్రవాసులు’. ఈ తేడా మనం కల్పించుకున్నదే. ‘ప్రవాసం’ సంస్కృత పదం. ఉండటమనే అర్థమున్న ‘వస్’ ధాతువుకు ‘ప్ర’ చేరితే ఇంటికి దూరంగా ఉండటమైంది. నివాసం, ఆవాసం, వసతి దీని తోబుట్టువులు. భర్త దూరదేశంలో ఉన్న కావ్యనాయిక ప్రోషితభర్తృక. ఆ ‘ప్రోషిత’దీ ఇదే ధాతువు. ‘ప్రవాసనం’ అంటే దేశం నుంచి వెళ్లగొట్టడం. అమరకోశం దాన్ని చంపడానికి పర్యాయపదాల్లోనూ చేర్చింది. ఆ రెండర్థాలూ 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, ఒలేతా పట్టణంలో ఒక్కటయ్యాయి. తమ దేశం విడిచి పొమ్మని అరిచిన ఒకడు హైదరాబాదు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపాడు, ఇరాన్‌వాడని పొరబడ్డాడు. మనిషి ఎవరో తెలుసుకోకుండానే పరాయివాడని తేల్చేశాడు. 2003లో ప్రవాసీ భారతీయ దివస్ మొదలయ్యాక ‘ప్రవాసి’లో హోదా వినిపిస్తోంది, భయం వినిపించడం లేదు. ‘వలస’ ఆ భయాన్ని దాచదు: శత్రుసైన్యానికి జడిసి ఊరు విడవడమని పాత నిఘంటువుల అర్థం, తమిళంలోనూ ‘వలసై’ అంతే. అందుకే కోతకు వెళ్లిన కూలీనీ ప్రవాసి అందాం, అమెరికాలోని ఇంజనీరునూ వలసదారు అందాం. ఇద్దరికీ కావలసింది ప్రాణానికి భరోసా.