పేరు మిగిలిన చెరువు

హైదరాబాదు నగరమున మాసబ్ ట్యాంకను పేట కలదు. క్రొత్తగా వచ్చినవారు చెరువెక్కడ నని యడుగుదురు. చెరువు లేదు; పేరు మాత్రమే కలదు. గోలకొండ రాజమాత హయాత్ బక్షీ బేగమును జనులు ‘మా సాహెబా’ యని గౌరవముతో బిలిచెడివారు. ఆమె 1667లో గతించెను. ఆమె పేర వెలసిన తటాకమే జనుల వాడుకలో మాసబ్ ట్యాంకయ్యెను. నీరు నిలిచిన తావున నేడు చాచా నెహ్రూ ఉద్యానమున్నది. చుట్టును ఇండ్లు, కార్యాలయములు లేచినవి.

చెరువు పోయిన నేమి, చెట్లున్నవి గదా యని కొందరనవచ్చును. మేము చెట్లకు విరోధులము కాము. కాని చెరువు వేరు, తోట వేరు. చెరువు అంచున లోతులేని నీటిలో తుంగ మొలచును. తుంగలో పురుగులు పుట్టును. వానిని కప్పలు, చేపపిల్లలు తినును. వానికై కొంగలు వచ్చును. నీరు తొలగినచో నీ గొలుసంతయు దెగును. కొంగను జంపనక్కరలేదు, దాని యింటిని చదును చేసిన జాలును. 1970 మొదలు 2015 లోపల లోకమందలి సహజమైన తడినేలలలో నూటికి సుమారు 35 వంతులు ఇట్లే నశించినవి.

జీవజాతులను రక్షించు మార్గములు మన నగరమునకు దెలియనివి కావు. 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒడంబడికకు లోబడిన దేశముల ప్రతినిధులు ఇచ్చటనే సమావేశమైరి. నెహ్రూ జంతుప్రదర్శనశాలవారును సీసీఎంబీ శాస్త్రజ్ఞులును కలిసి 2010 మొదలు మూషిక జింకల సంతతిని వృద్ధిచేసి, 2017లో కొన్నిటిని నల్లమలలోని అమ్రాబాదు అడవిలో విడిచిరి. ఇది మిక్కిలి శ్లాఘనీయము. కాని యడవి మిగిలియుండుటచేతనే గదా విడువగలిగిరి! మాసబ్ చెరువు కప్పలను పెంచినచో నెక్కడ విడుతుము? మాసబ్ ట్యాంకునకు అనతిదూరముననే కాసు బ్రహ్మానందరెడ్డి వనమును 1998లో జాతీయోద్యానముగా బ్రకటించిరి; నగరమధ్యమున నేటికిని నెమళ్లచట దిరుగుచున్నవి. నెలవును గాచినచో ప్రాణులు తమంత తామే బ్రదుకునని యిది చూపుచున్నది.

నేరమంతయు ప్రభుత్వముపై మోపి మనము తొలగుట న్యాయము కాదు. ఆడపిల్ల పెండ్లికి బంగారము కొనునప్పుడు గీటుపెట్టి చూతుము. ఇంటిస్థలము కొనునప్పుడు అది యొకనాటి చెరువా, వాననీటి త్రోవయా యని యడుగము. అడిగినవాడు దొరకకున్నచో నమ్మువాడు నుండడు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రతి స్థానిక సంస్థయు నొక సంఘము నేర్పరచి, అచటి జీవజాతుల పట్టిక వ్రాయింపవలెనని విధించినది. మన పేట పట్టికలో నేమి వ్రాసిరో చూచితిమా? చూడుమని మన పిల్లలకు జెప్పితిమా?

తటాకమును సప్తసంతానములలో నొకటిగా నెంచిన జాతి మనది. చెరువు త్రవ్వించుట బిడ్డను గనుటతో సమానమైనచో, దానిని పూడ్చుట యేమగునో పాఠకులే యెంచుకొందురుగాక.