మూసీ ప్రాజెక్టు: మట్టికట్ట, అలుగు, వరద ప్రమాణాలు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలంగాణ చెరువుల నిర్మాణంలో కట్టకున్న ప్రాధాన్యమే అలుగుకూ ఉంది. కట్ట నీటిని నిలిపితే, అలుగు కట్టను నిలుపుతుంది. ఈ సూత్రం ఆధునిక జలాశయాలకు ఎలా వర్తిస్తుందో సూర్యాపేట సమీపంలోని మూసీ ప్రాజెక్టు ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

నిర్మాణ నేపథ్యం

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. దరిమిలా మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు నగరానికి ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలిశాయి. వరద నివారణ, తాగునీరు వాటి ప్రధానోద్దేశాలు. సోలిపేట వద్ద 1954-63 మధ్య నిర్మితమైన మూసీ ప్రాజెక్టు సాగునీటి కోసం ఏర్పడింది. దీని సామర్థ్యం 4.46 టీఎంసీలు, పూర్తిస్థాయి నీటిమట్టం 645 అడుగులు. దిగువన నది మిర్యాలగూడ ప్రాంతంలోని వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. కనుక కట్ట భద్రత ఆయకట్టుకే కాక నదీతీర గ్రామాలన్నింటికీ సంబంధించిన విషయం.

మారిన ప్రమాణాలు

మట్టికట్టపై నుంచి నీరు పొర్లితే దిగువ వాలు కోసుకుపోయి గండి పడుతుంది. 1979 ఆగస్టు 11న గుజరాత్‌లోని మచ్చు-2 ఆనకట్ట ఇలాగే తెగి మోర్వీ పట్టణాన్ని ముంచింది. 1985 నాటి భారతీయ ప్రమాణం ప్రకారం 60 మిలియన్ ఘనపు మీటర్లకు మించి నీరు నిలిపే ఆనకట్టలు గరిష్ఠ సంభావ్య వరదను తట్టుకోవాలి. 4.46 టీఎంసీలంటే సుమారు 126 మిలియన్ ఘనపు మీటర్లు. అంటే, ప్రమాణం రాకముందు రెండు దశాబ్దాల క్రితమే పూర్తయిన ఈ కట్ట నేడు అత్యున్నత శ్రేణి పరీక్షకు నిలవవలసి ఉంది.

అలుగు నుండి గేటుకు

నీటిమట్టం పెరిగితే చెరువు అలుగు దానంతటదే పారుతుంది. గేటుకు మాత్రం యంత్రం, విద్యుత్తు, మరమ్మతు, సకాలంలో నిర్ణయం కావాలి. 2019 అక్టోబరులో మూసీ ప్రాజెక్టు గేటు ఒకటి కొట్టుకుపోయింది. 2021 నవంబరు 19న చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరదకు తెగిపోయింది. కట్ట ఎత్తు పెంచడం, అదనపు అలుగు నిర్మించడం, ఊటనీటికి వడపోత పొరలు అమర్చడం ఆధునికీకరణలో ప్రధాన మార్గాలు. అవి పూర్తయ్యేదాకా వానాకాలంలో నీటిమట్టం తగ్గించి ఉంచవచ్చు. కాని ఆ మేరకు యాసంగి పంటకు నీరు తగ్గుతుంది. భద్రత భారాన్ని ఎవరు మోయాలన్న ప్రశ్న ఇక్కడే తలెత్తుతుంది.

ముగింపు

2021 ఆనకట్టల భద్రతా చట్టం వానాకాలానికి ముందూ తరువాతా తనిఖీని, అత్యవసర కార్యాచరణ ప్రణాళికను తప్పనిసరి చేసింది. నీటిపారుదల చరిత్రను శంకుస్థాపనలు, ఆయకట్టు లెక్కలతో ముగించకుండా, గేట్ల మరమ్మతు దస్త్రాలను, వరద నమోదులను కూడా చారిత్రక ఆధారాలుగా స్వీకరించినప్పుడే ఈ ప్రశ్నకు సమాధానం వెదకడం సాధ్యమవుతుంది.