పాలమూరు ఎం.బి. చర్చి: పునాది ఎవరిది?

గోదావరి జిల్లాల్లో ఏ చర్చి ఏ మిషన్‌దో చెప్పడానికి తడుముకోనక్కర్లేదు. నరసాపురం అనగానే 1836లో వచ్చిన బౌడెన్, బీర్ గుర్తొస్తారు. రామచంద్రపురం అనగానే కెనడా బాప్టిస్టులు. ఆ లెక్కనే పాలమూరు, అంటే మహబూబ్‌నగర్‌లోని మెనోనైట్ బ్రదరన్ చర్చికి, అంటే అందరూ ఎం.బి. చర్చి అనేదానికి, అన్వయిస్తే పప్పులో కాలేస్తాం.

అలవాటుగా చెప్పుకునే కథ 1899లో మొదలవుతుంది. అమెరికా నుంచి ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు హైదరాబాద్ వచ్చారు, జబ్బు చేసి 1901లో తిరిగి వెళ్లిపోయారు, తరువాతివారు పని నిలబెట్టారు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఇది అమెరికా బోర్డు రాసుకున్న చిట్టా, ఇక్కడి సంఘాల చరిత్ర కాదు.

అంతకు పదేళ్ల ముందే, 1889లో, రష్యా మెనోనైట్ బ్రదరన్ సంఘాలు పంపిన అబ్రహాం ఫ్రీజన్ వచ్చి నల్లగొండలో స్థిరపడ్డారు. రష్యాలో వాళ్లకు సొంత మిషన్ బోర్డు లేదు కాబట్టి అమెరికా బాప్టిస్టు యూనియన్ కింద పనిచేశారు. 1914 యుద్ధం, 1917 విప్లవం రష్యా నుంచి వచ్చే డబ్బుకు గండికొట్టాయి. మెనోనైట్లు చెమటోడ్చిన నల్లగొండ చివరికి బాప్టిస్టుల పద్దులోనే ఉండిపోయింది.

పాలమూరులో జరిగింది సరిగ్గా దీనికి తలకిందులు. 1885లో అక్కడ మిషన్ స్టేషన్ తెరిచిన ఎల్బర్ట్ చ్యూట్ బాప్టిస్టు. అర్ధ శతాబ్దం అది బాప్టిస్టుల పొలమే. 1930ల మాంద్యంలో అమెరికా బాప్టిస్టుల చేతిలో డబ్బు కరువైంది. 1937లో మహబూబ్‌నగర్‌ను మెనోనైట్ బ్రదరన్ మిషన్‌కు అప్పగించారు. రెండు శాఖలూ నీళ్లలో ముంచే బాప్తిస్మమే ఇస్తాయి కనుక సభ్యులకు మళ్లీ బాప్తిస్మం అన్న పేచీ రాలేదు. ఆదివారం వచ్చే జనం వాళ్లే, పాడే పాటలు అవే. మారింది పై అధికారం.

డబ్బు ఒక్కటే కారణమని తీర్మానిస్తే తొందరపాటే. పక్కపక్క తాలూకాల్లో పనిచేస్తూ ఈ రెండు మిషన్లూ అప్పటికే బాగా దగ్గరయ్యాయి. అయినా, సంఘ సభ్యుల ఇష్టాయిష్టాలకు ఆ ఒప్పందంలో ఎంత చోటుందో అడగాల్సిందే. ఊరూరా తిరిగి మాల, మాదిగ వాడల్లో సంఘాలు కట్టిన తెలుగు బోధకులూ బైబిలు స్త్రీలూ మిషన్ చరిత్రల్లో ఎక్కువగా అంకెలుగానే కనబడతారు. ఒంగోలు చరిత్రలో మిషనరీ క్లౌ పక్కన తెలుగు బోధకుడు ఎర్రగుంట్ల పేరయ్యకు దక్కిన చోటు పాలమూరు బోధకుల్లో ఎందరికి దక్కింది?

నేటి సంగతి మెచ్చుకోదగ్గదిగా లేదు. ఆయుధం పట్టకూడదన్నది మెనోనైట్ల అసలు గుర్తింపు. పేరును భద్రంగా కాపాడుకున్న సంఘాల్లో ఆ బోధ ఇప్పుడు అరుదుగా వినబడుతుంది. మిషన్ ఆస్తుల మీద కోర్టు తగాదాలు మాత్రం తెలుగునాట అన్ని శాఖలకూ ఉమ్మడి వారసత్వమైపోయాయి. శతాబ్ది ఉత్సవాలు ఎన్నయినా చేసుకోవచ్చు. పాలమూరు సంఘం వయసును మాత్రం 1899 నుంచో 1937 నుంచో లెక్కకట్టడం సరికాదు. బోర్డులు చేతులు మారినా కదలకుండా నిలిచిన తెలుగు కుటుంబాలతోనే ఆ లెక్క మొదలుకావాలి.